క్వీన్ ‘ఇన్యుఎండో’: నిడివి చూసి కొనండి, ఉప్పుగాలికి దూరంగా దాచండి

తేదీలు పట్టుకుని చూస్తే బ్రిటన్ రాక్ బ్యాండ్ క్వీన్ ఆఖరి ఆల్బమ్ 1995 నవంబరులో వచ్చిన ‘మేడ్ ఇన్ హెవెన్’. కానీ అప్పటికి గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ పోయి నాలుగేళ్ళు. నలుగురూ బతికుండగా, ఏ పాట ఉంచాలి, ఏది ముందు రావాలి అని నలుగురూ తేల్చుకుని బయటికి పంపిన ఆఖరి ఆల్బమ్ మాత్రం 1991 ఫిబ్రవరి నాటి ‘ఇన్యుఎండో’. ఆఖరి ఆల్బమ్ అన్న పేరు దీనికే చెల్లుతుంది.

ముందుగా మా అభిప్రాయం. ఇందులో 12 పాటలున్నాయి. వాటిలో అయిదు ఈ బ్యాండ్ మొత్తం జీవితంలో చేసిన మంచి పాటల వరసలో నిలబడతాయి, నాలుగు బాగుంటాయి, మూడు లేకపోయినా లోటు తెలీదు. రాక్ ఆల్బమ్‌కి ఇది చాలా మంచి లెక్క. అయితే ఈ ఆల్బమ్ కొనేటప్పుడు ఒక చిక్కుంది. 1991లో వచ్చిన ఎల్పీ రికార్డులో ఉన్నది పూర్తి ఆల్బమ్ కాదు. చాలా పాటలకి కత్తెర పడింది. ఆ సంగతి తెలీక పాత రికార్డు మీద డబ్బులు పోసేవాళ్ళు, అది విని ‘ఇంతేనా’ అని తేల్చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

కత్తెర సంగతికి వచ్చేముందు, ఈ ఆల్బమ్ విషయంలో రికార్డింగే సర్వస్వం ఎందుకైందో చెప్పాలి. క్వీన్ నలుగురూ కలిసి చేసిన చివరి కచేరీ 1986 ఆగస్టు 9న, ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్‌లో. ఆ తర్వాత వాళ్ళు టూర్ చెయ్యలేదు. అంటే ఈ 12 పాటల్లో ఒక్కదాన్ని కూడా ఫ్రెడీ కచేరీలో పాడలేదు. ‘బొహీమియన్ రాప్సడీ’కైతే స్టూడియో టేకు నచ్చకపోతే పదిరకాల కచేరీ రికార్డింగులున్నాయి. ‘ఇన్యుఎండో’ పాటలకి ఆ దారి లేదు. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీ స్టేడియంలో జరిగిన నివాళి కచేరీలో ‘ద షో మస్ట్ గో ఆన్’ని ఎల్టన్ జాన్, ‘ఇన్యుఎండో’ని రాబర్ట్ ప్లాంట్ పాడారు. అవి వేరే గొంతులు. ఫ్రెడీ గొంతులో వినాలంటే ఈ డిస్కు ఒక్కటే దిక్కు. అందుకే ఏ ముద్రణ, ఏ పరికరం, ఎలా దాచాలి అన్న ప్రశ్నలకి ఇక్కడ ఇంత చోటు.

రికార్డింగు 1989 మార్చి నుంచి 1990 నవంబరు దాకా నడిచింది. కొంత లండన్‌లోని మెట్రోపొలిస్ స్టూడియోలో, కొంత స్విట్జర్లండ్‌లోని మాంట్రోలో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మౌంటెన్ స్టూడియోస్‌లో. ఈ రెండో స్టూడియోని క్వీన్ వాళ్ళే 1979లో కొనుక్కున్నారు. బ్యాండుతోపాటు నిర్మాతగా పేరు పడ్డ డేవిడ్ రిచర్డ్స్ అక్కడి ఇంజనీరే. ఫ్రెడీ ఆరోగ్యం అప్పటికే దెబ్బతింది కాబట్టి పని విడతలు విడతలుగా సాగింది. మిగిలిన ముగ్గురూ సంగీతం సిద్ధం చేసి ఉంచితే, ఒంట్లో ఓపిక ఉన్న రోజున ఆయన వచ్చి పాడేవాడు. ఇది తెలుసుకుని వింటే ఒక విషయం స్పష్టంగా అర్థమవుతుంది. వాయిద్యాల అమరికంతా గొంతు చుట్టూ చోటు వదిలి కట్టినది. గొంతు మాత్రం ఎక్కడా జాలి అడగదు.

మనవాళ్ళకి ఆయన మీద కొంచెం హక్కు కూడా ఉంది. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా, పార్సీ కుటుంబం. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో సెయింట్ పీటర్స్ స్కూల్లో చదువుకున్నాడు. మొదటి బ్యాండు కట్టింది ఆ హాస్టల్లోనే.

ఇక కత్తెర సంగతి. ఆల్బమ్ మొత్తం నిడివి 53 నిమిషాల 48 సెకన్లు. సీడీలో 74 నిమిషాలు పడతాయి కాబట్టి బాధ లేదు. పన్నెండు అంగుళాల ఎల్పీకి మాత్రం ఒక్కో వైపు 20, 22 నిమిషాలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది. లెక్క వేసి చూడండి. 53:48ని రెండు వైపులకి పంచితే ఒక్కో వైపు దాదాపు 27 నిమిషాలు. నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో 27 నిమిషాలంటే 900 చుట్లు. రికార్డు మీద ముల్లు నడిచే గాడి పట్టే స్థలం బయటి అంచు నుంచి లోపలి లేబుల్ దాకా దాదాపు 86 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో చుట్టుకి మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు. బేస్ గిటారు, డ్రమ్ము గట్టిగా మోగిన చోట గాడి పక్కకి వెడల్పుగా ఊగాలి. ఊగే చోటు లేకపోతే ఇంజనీరుకి మిగిలేది రెండే మార్గాలు: మొత్తం శబ్దం తగ్గించి కోయడం, లేదా పాటలు కత్తిరించడం. శబ్దం తగ్గిస్తే గీతల చప్పుడు, దుమ్ము చప్పుడు పైకి తేలతాయి. 1991లో పాటలు కత్తిరించారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ తిన్నది ‘బిజూ’. సీడీలో 3:36 ఉన్న పాట ఎల్పీలో నిమిషం పైచిలుకుకి కుంచించుకుపోయింది. ‘ద హిట్‌మ్యాన్’లో కూడా ఒక నిమిషానికి పైనే పోయింది. మరికొన్నిటికి ముందో వెనకో కొసరు తీసేశారు. కాబట్టి ఎవరైనా ‘ఇన్యుఎండో’ ఎల్పీ అమ్మజూపితే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఒక డిస్కా, రెండు డిస్కులా? ఒక్క డిస్కే అంటే కోత పడ్డదే. ఫైలో, కాపీ చేసిన సీడీనో అయితే ‘బిజూ’ నిడివి చూడండి. మూడున్నర నిమిషాలు ఉంటే పూర్తి ఆల్బమ్. లేదంటే ఎవరో పాత ఎల్పీ నుంచి ఎక్కించింది.

విశాఖలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇది ఓడరేవు, నేవీ ఉన్న ఊరు. ఓడల మీద పనిచేసినవాళ్ళు విదేశాల నుంచి తెచ్చుకున్న రికార్డులు, క్యాసెట్లు పాత ఇళ్ళ అటకల మీద ఇంకా దొరుకుతాయి. అమ్మకానికి వచ్చినప్పుడు 1991 నాటి అసలు ముద్రణ కదా అని ధర ఎక్కువ చెప్తారు. దాచుకునేవాళ్ళకి అది అపురూపమే. వినడానికి కొనేవాళ్ళకి కాదు.

పాటల్లోకి వద్దాం.

మొదటిది ‘ఇన్యుఎండో’, 6:31. బ్రిటన్‌లో 1991 జనవరిలో సింగిల్‌గా (విడి పాటగా) వచ్చి మొదటి స్థానానికి చేరింది. ఆరున్నర నిమిషాల పాటని మొదటి సింగిల్‌గా వదలడానికి చాలా ధైర్యం కావాలి. పాట బొలేరో అనే స్పెయిన్ నాట్యం తరహా డ్రమ్ము నడకతో మెల్లగా లేస్తుంది. మధ్యలో హఠాత్తుగా అంతా ఆగి స్పెయిన్ ఫ్లమెంకో గిటారు మొదలవుతుంది. అక్కడ క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మేతోపాటు వాయించినది ‘యస్’ బ్యాండు గిటారిస్టు స్టీవ్ హౌ. క్వీన్ స్టూడియో ఆల్బమ్‌లో బయటి గిటారిస్టు వాయించడం అరుదైన విషయం. ఫ్లమెంకోలో షడ్జమానికి పక్కనే శుద్ధ రిషభం పదేపదే తగులుతుంటుంది. కర్ణాటక సంగీతం విన్న చెవికి అది వెంటనే వకుళాభరణంలాగానో తోడిలాగానో పట్టుబడుతుంది. రాక్ కొత్తగా వినేవాళ్ళకి ఈ పాట ఇక్కడే దగ్గరవుతుంది. ఆ తర్వాత జరిగేదే అసలు విశేషం. క్లాసికల్ గిటారు వాయించిన అదే పదబంధాన్ని ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు అందుకుని పది రెట్లు బరువుగా తిరిగి చెప్తాయి.

ఈ ఒక్క పాట కోసమైనా చిన్న బ్లూటూత్ డబ్బా మీద వినకండి. ఒకే స్పీకరు ఉన్న డబ్బాలో కుడి, ఎడమ కలిసిపోయి, పొరలు పొరలుగా వేసిన గిటార్లు ముద్దయిపోతాయి. ఎక్కువ ఖర్చు పెట్టాల్సిన పని లేదు. వైరున్న మామూలు హెడ్‌ఫోన్ చాలు.

‘ఐయామ్ గోయింగ్ స్లైట్లీ మ్యాడ్’లో ఫ్రెడీ కింది స్థాయిలో పాడతాడు. అంత మందంగా, అంత నింపాదిగా ఆయన పాడిన పాటలు చాలా తక్కువ. నవ్వు తెప్పించే మాటలు, నవ్వని సంగీతం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడంలోనే పాట బలం ఉంది. ‘హెడ్‌లాంగ్’, ‘ఐ కాంట్ లివ్ విత్ యూ’ రెండూ బ్రయాన్ తన సొంత ఆల్బమ్ కోసం మొదలుపెట్టినవి. మొదటిది హుషారుగా పరుగెడుతుంది. రెండోది బలహీనం. పాటలో తప్పు లేదు, డ్రమ్ములు యంత్రంలా వినిపించి ఊపు చంపేస్తాయి. దీన్నే 1997లో ‘క్వీన్ రాక్స్’ సంకలనం కోసం తిరిగి వాయించారు. అది పాట అసలు ఎలా ఉండాలో అలా ఉంది. 2011 నాటి రెండు సీడీల ముద్రణలో అదనపు డిస్కులో దొరుకుతుంది.

‘డోంట్ ట్రై సో హార్డ్’ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఫ్రెడీ దొంగగొంతులో ఎంత పైకి వెళ్ళగలడో తెలియాలంటే ఇది వినాలి. పల్లవి కొసలో గొంతు పైకి లేచినప్పుడు అరుపులా మారదు, సన్నని తీగలా సాగుతుంది. ‘రైడ్ ద వైల్డ్ విండ్’ డ్రమ్మర్ రోజర్ టేలర్ పాట. జాన్ డీకన్ బేస్ ఆగకుండా ఒకే వేగంతో తరుముతుంటుంది. బండి నడుపుతూ వినడానికి ఆల్బమ్‌లో అన్నిటికంటే అనువైనది ఇదే. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా, ట్రాఫిక్ మామూలుగా ఉంటే, ఆల్బమ్ మొత్తం ఇంచుమించు పూర్తవుతుంది. కాకపోతే అద్దాలు దింపితే సముద్రపు గాలి హోరులో ‘బిజూ’ లాంటి మెత్తటి పాట అసలు వినపడదు. దానికోసం వాల్యూము పెంచితే వెంటనే వచ్చే ‘ద షో మస్ట్ గో ఆన్’ చెవులు అదరగొడుతుంది. చివరి రెండు పాటలు ఇంటికి వదిలేయడం మేలు.

‘ఆల్ గాడ్స్ పీపుల్’ చర్చి బృందగానం పద్ధతిలో కట్టిన పాట. ఒపెరా గాయని మోన్సెరాట్ కబాయెతో ఫ్రెడీ ‘బార్సిలోనా’ ఆల్బమ్ చేస్తున్న రోజుల్లో పుట్టింది. అందుకే దానికి పనిచేసిన మైక్ మోరన్ పేరు ఇక్కడ కూడా కనిపిస్తుంది. మిగిలిన పాటలన్నిటికీ ఒక్క పేరే: క్వీన్. ఎవరు రాసినా బ్యాండు పేరే వెయ్యాలని 1989 నాటి ‘ద మిరాకిల్’ ఆల్బమ్ నుంచి పెట్టుకున్న పద్ధతి అది. ఎవరి పాట సింగిల్‌గా వస్తే వాళ్ళకి డబ్బు అన్న తగువు దాంతో పోయింది. ఈ ఆల్బమ్‌లో ఒకరి పాట కోసం ఇంకొకరు పడ్డ శ్రమ వినిపిస్తుంది. ఆ ఒప్పందం దానికి దోహదం చేసిందనే అనుకోవాలి.

‘దీజ్ ఆర్ ద డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ కూడా ప్రధానంగా రోజర్ రాసినదే. మెత్తటి కాంగా డ్రమ్ము తాళం, మీద పరిచిన కీబోర్డు, మధ్యలో బ్రయాన్ గిటారు. అంతకుమించి ఏమీ లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు. దీని వీడియోని 1991 మే 30న తీశారు. కెమెరా ముందు ఫ్రెడీ నిలబడ్డ చివరి సందర్భం అదే. ఆయన ఎంత చిక్కిపోయాడో తెలీకుండా ఉండాలని నలుపు తెలుపులో ఇచ్చారు. బ్రయాన్ ఆ రోజున లేడు, తర్వాత వేరుగా తీసి కలిపారు. వీడియోని పాటకి ముందే చూస్తే పాటని కళ్ళతో వినడం అలవాటవుతుంది. ముందు పాట వినండి.

‘డిలైలా’ ఫ్రెడీ పెంచుకున్న పిల్లి మీద పాట. బ్రయాన్ టాక్‌బాక్స్ పెట్టి గిటారుతో పిల్లి అరుపులు తీశాడు. టాక్‌బాక్స్ అంటే గిటారు శబ్దాన్ని గొట్టం గుండా నోట్లోకి పంపి, పెదాలు కదిపి ఆకారమిచ్చే పరికరం. అంత పెద్ద ఆల్బమ్‌లో ఇంత చిన్న ముచ్చట ఉండటం ఫ్రెడీ స్వభావమే, దాన్ని తప్పుపట్టలేం. అయినా రెండోసారి వినాలనిపించే పాట కాదు. ‘ద హిట్‌మ్యాన్’ బరువైన గిటారు పాట. రిఫ్ (మళ్ళీమళ్ళీ వచ్చే గిటారు ముక్క) బాగుంటుంది, పాట ఎటూ పోదు.

‘బిజూ’ దగ్గర కాసేపు ఆగాలి. మామూలుగా రాక్ పాటలో చరణాలు గాయకుడివి, మధ్యలో ఒక ముక్క గిటారుది. ఇక్కడ తిరగేశారు. చరణాలు గిటారు పాడుతుంది, మధ్యలో నాలుగు వాక్యాలు మాత్రం ఫ్రెడీ పాడతాడు. ఆ గిటారు బ్రయాన్ పదహారేళ్ళ వయసులో, 1963లో, తండ్రితో కలిసి ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టిన ‘రెడ్ స్పెషల్’. మెడకి పాత నిప్పుగూడు చెక్క, తీగల్ని వణికించే మీటకి మోటారుసైకిల్ స్ప్రింగులు వాడారు. ప్లాస్టిక్ పిక్‌కి బదులు ఆరు పెన్నీల నాణెంతో మీటుతాడు. తీగకి నాణెం తగిలిన ప్రతిసారీ ముందు ఒక చిన్న గరుకు చప్పుడు, వెనకే స్వరం. హెడ్‌ఫోన్‌లో అది స్పష్టంగా తెలుస్తుంది. పాత ఎల్పీలో కత్తెర పడింది ఈ గిటారుకే. పాట కట్టుబడే గిటారు మీద ఆధారపడినప్పుడు, గిటారు తీసేస్తే మిగిలేది పాట కాదు.

చివరిది ‘ద షో మస్ట్ గో ఆన్’. స్వరాల వరస రోజర్, జాన్ మొదలుపెట్టారు. మాటలు చాలావరకు బ్రయాన్‌వి. నమూనా పాడినప్పుడు పై స్థాయి అందక బ్రయాన్ దొంగగొంతు వాడాల్సొచ్చింది. ఇంత పైకి ఫ్రెడీ ఇప్పుడు పాడగలడా అని ఆయనకే అనుమానం. ఫ్రెడీ నిండు గొంతుతో పాడేశాడు. మధ్యలో శ్రుతి ఒక మెట్టు పైకి జరుగుతుంది. మామూలు గాయకులు అక్కడికే అలిసిపోతారు. ఈయన అక్కడి నుంచి ఇంకా తెరుచుకుంటాడు. బ్రిటన్‌లో ఇది సింగిల్‌గా 1991 అక్టోబరు 14న వచ్చింది. తనకి ఎయిడ్స్ ఉందని నవంబరు 23న ఫ్రెడీ ప్రకటించాడు, మర్నాడే కన్నుమూశాడు. ఈ తేదీలు పాట మీద బరువు పెట్టాయన్నది నిజమే. కానీ ఏ సంగతీ తెలీనివాళ్ళకి వినిపించినా ఆ గొంతు పని ఆ గొంతు చేస్తుంది.

ఏది కొనాలి? డబ్బు ఆలోచించేవాళ్ళకి 2011 సీడీ. బాబ్ లడ్విగ్ రీమాస్టర్ చేసినది, అంటే పాత రికార్డింగు శబ్దాన్ని కొత్తగా సరిచేసినది, పూర్తి నిడివి. రెండు డిస్కులది దొరికితే అదే తీసుకోండి, ‘లాస్ట్ ఆపర్చునిటీ’ అనే సింగిల్ వెనకవైపు పాట కూడా వస్తుంది. స్ట్రీమింగ్‌లో పేరు పక్కన ‘2011 రీమాస్టర్’ అని ఉంటే అదే శబ్దం. అక్కడ ఒక చిన్న పని చెయ్యాలి. సెట్టింగుల్లో శబ్ద స్థాయిని సమం చేసే మీట ఆపేసి, పాటల వరస కలగాపులగం కాకుండా చూసుకుని, ఆల్బమ్‌ని మొదటి నుంచి పెట్టండి.

ఎల్పీయే కావాలంటే 2015లో వచ్చిన రెండు డిస్కుల ముద్రణ ఒక్కటే సిఫారసు. ఇందులో పాటలన్నీ పూర్తిగా ఉన్నాయి. 53:48ని నాలుగు వైపులకి పంచితే సగటున పదమూడున్నర నిమిషాలే కాబట్టి గాడికి ముందు లెక్క వేసినదానికి రెట్టింపు చోటు దొరికింది. గాడి కోసే పని ఆబీ రోడ్ స్టూడియోలో మైల్స్ షోవెల్ సగం వేగం పద్ధతిలో చేశాడు. పాటనీ గాడి కోసే యంత్రాన్నీ రెండిటినీ సగం వేగంతో తిప్పి కోస్తారు. అప్పుడు పది కిలోహెర్ట్జ్ శబ్దం కోత ముల్లుకి అయిదు కిలోహెర్ట్జ్‌లాగే వస్తుంది, కాబట్టి సన్నని శబ్దాల్ని తడబడకుండా చెక్కగలదు. దిగుమతి సరుకు కాబట్టి సీడీకి ఎన్నో రెట్లు అవుతుంది. జగదాంబ, ద్వారకానగర్ వైపు ఒకప్పుడు క్యాసెట్లు అమ్మిన షాపుల మీద ఆశ పెట్టుకోకండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే దారి. వేసవిలో తెప్పిస్తే పార్శిల్ ఎండలో పడి ఉండకుండా చూసుకోండి. రికార్డు చేసే వినైల్ ప్లాస్టిక్ 50 డిగ్రీలు దాటితే వంగడం మొదలెడుతుంది. మూసి ఉన్న కారులో మే నెలలో అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది.

అందిన రోజునే రికార్డుని కంటి ఎత్తులో పట్టుకుని అంచు వెంబడి చూడండి, వంపు ఉంటే తెలిసిపోతుంది. ట్యూబ్‌లైటు కింద పక్కకి వంచి చూస్తే గీతలు కనిపిస్తాయి. పాత రికార్డయితే అట్ట లోపల వాసన చూడటం తప్పనిసరి. ముక్కిపోయిన వాసన వస్తే బూజు అట్టలో ఉంది. రికార్డు కడిగినా ఆ అట్టలోనే పెడితే మళ్ళీ పడుతుంది.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఉండేవాళ్ళకి కిటికీ ఊచలు, ఏసీ బయటి యూనిట్ ఎంత తొందరగా తుప్పు పడతాయో చెప్పక్కర్లేదు. అదే ఉప్పుగాలి రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ మీదా పనిచేస్తుంది. వినైల్‌కి ఉప్పుతో నష్టం లేదు. నష్టం లోహపు భాగాలకి. వెనక వైర్లు గుచ్చే పిన్నులు, కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా) వెనక నాలుగు చిన్న తీగల కొసలు పచ్చగానో నల్లగానో మారతాయి. మొదటి లక్షణం ఒక పక్క శబ్దం వచ్చిపోతూ ఉండటం. స్పీకరు పోయిందనుకుని షాపుకి పట్టుకెళ్ళే ముందు, ప్లగ్గు తీసి, ఆ నాలుగు తీగల కొసల్ని ఒక్కొక్కటిగా చిన్న పట్టకారుతో ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ తడిపిన దూది పుల్లతో తుడిచి, అదే రంగు తీగ అదే పిన్నుకి వచ్చేలా తిరిగి గుచ్చండి. నాలుగూ ఒకేసారి తీస్తే రంగులు తారుమారవుతాయి.

రికార్డులు నిలువుగా పెట్టాలి, బయటి గోడకి ఆనుకున్న అలమరలో వద్దు. వానాకాలంలో ఆ గోడ చెమరుస్తుంది. కాగితం కవరు తీసేసి పాలిథీన్ లోపలి కవరు వెయ్యండి. పీవీసీ కవర్లు మన వేడికి రికార్డు మీద మబ్బులాంటి పొర వదులుతాయి, అది కడిగినా పోదు. అలమరలో సిలికా జెల్ సంచులు, చిన్న తేమ మీటరు పెట్టుకోండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. 65 దాటి చాలా రోజులు నిలిస్తే బూజు ఖాయం. జెల్ రంగు మారినప్పుడు దాని కవరు మీద రాసిన పద్ధతిలో వేడి చేసి తిరిగి వాడుకోవచ్చు.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి, కుళాయి నీళ్ళు కాదు. వాటిలోని లవణాలు ఆరాక గాడిలో గట్టిపడి టకటక చప్పుడవుతాయి. లీటరు నీళ్ళలో సువాసన లేని పాత్రల సబ్బు రెండు మూడు చుక్కలు చాలు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. పైన ఫ్యాన్ వెయ్యకండి, తడి మీద దుమ్మంతా దిగుతుంది.

‘మేడ్ ఇన్ హెవెన్’ కొనాలా అంటే, ఇది విన్నాక కొనండి. అందులో 1985 నాటి ఫ్రెడీ సొంత ఆల్బమ్ పాటలు రెండున్నాయి, 1980లో మ్యూనిక్‌లో పియానో దగ్గర అలవోకగా పాడుకున్న ముక్క ఉంది, 1991లో మాంట్రోలో చివరగా పాడినవి ఉన్నాయి. ‘మదర్ లవ్’లో ఆఖరి చరణం ఫ్రెడీ పాడలేకపోతే బ్రయాన్ పాడాడు. ముగ్గురూ ప్రేమగా అతికిన ఆల్బమ్, అతుకులు చాలాచోట్ల తెలీవు. కానీ ఏది ఉంచాలో చెప్పే నాలుగో మనిషి లేని లోటు వినిపిస్తుంది. దాని ఎల్పీ కూడా 2015 రెండు డిస్కులదే చూసుకోండి.

ఇక టర్న్‌టేబుల్ సరిగ్గా అమరిందో లేదో తేల్చుకోవడానికి ఈ ఆల్బమ్ చివరి పాటని మించిన పరీక్ష లేదు. రికార్డు బయటి అంచున గాడి సెకనుకి 51 సెంటీమీటర్లు ముల్లు కింద కదిలితే, లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే కదులుతుంది. అంటే లోపల పది కిలోహెర్ట్జ్ అల పొడవు 21 మైక్రాన్లకి (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పడిపోతుంది. మామూలు గుండ్రటి ముల్లు మొన వ్యాసార్ధమే 18 మైక్రాన్లు, ఆ అలల్లోకి అది దిగలేదు. వైపు చివర్లో వచ్చే ‘ద షో మస్ట్ గో ఆన్’లో స, ష అక్షరాల దగ్గర బుసబుసలాడితే ముందుగా ముల్లు రికార్డు మీద మోపే బరువు చూడండి. కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన పరిధిలో, సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల మధ్య, చిన్న డిజిటల్ తూకంతో కొలిచి పెట్టండి. తక్కువ బరువు రికార్డుకి మంచిదన్నది అపోహ. తేలిపోయే ముల్లు గాడి గోడల్ని కొట్టుకుంటూ పోయి ఎక్కువ పాడుచేస్తుంది. బరువు సరిపోయాక కార్ట్రిడ్జ్ కోణం, ఆ తర్వాత యాంటీ స్కేటింగ్, అంటే ముల్లుని రికార్డు లోపలి వైపుకి లాగే బలాన్ని అడ్డుకునే అమరిక. బుస ఒక పక్క స్పీకరులోనే ఎక్కువైతే తప్పు యాంటీ స్కేటింగ్‌ది, రెండు పక్కలా సమానంగా ఉంటే కోణానిది. రెండూ సరిచేసినా పోకపోతే ముల్లు అరిగింది. 500 గంటలు దాటిన ముల్లయితే ఇంకేం ఆలోచించకుండా మార్చేయండి. కొనేటప్పుడు గుండ్రటి మొన బదులు ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన) తీసుకోండి.